తొమ్మిదో రూలు

"మనిషికొచ్చిన ఉత్తరం చదవాల్నా వద్దా అని మిషన్ చెప్తదా? మరి మీకు జీతమెందుకు సార్?" అంది సుమిత్ర.

జహీరాబాద్ ట్రాక్టర్ల ఫ్యాక్టరీకి 1989లో యూనిక్స్ కంప్యూటర్ వచ్చింది. సెక్షనుకో టెర్మినల్ పెట్టారు; వాటిలోంచే ఒక సెక్షను వాళ్లు ఇంకో సెక్షనుకు మెయిల్స్ పంపుకునేవారు. ఆ కంప్యూటర్‌ను చూసుకునే ఇంద్రసేనది దగ్గర్లోని రాయికోడ్. హైదరాబాదులో చదివొచ్చాడు, చదివొచ్చినట్టే నడిచేవాడు. స్టోర్స్‌లో గుమాస్తా అయిన సుమిత్రకు ఆ నడకంటేనే చిరాకు.

"రోజుకు అరవై మెయిల్స్ వస్తున్నయండీ. రూల్స్ రాసి పెట్టిన. వచ్చింది వచ్చినట్టే చూసి, పనికొచ్చేది నా ముందర పెడ్తది. మిగిలింది వేరే ఫైల్ల పడేస్తది."

"మీ అమ్మ రాసినా గట్లనే పడేస్తదా?"

"మా అమ్మకు కంప్యూటర్ లేదండీ."

ఆ జవాబుకు నవ్వొచ్చినందుకు సుమిత్రకు తన మీదే కోపం వచ్చింది.

నాలుగు నెలలు ఆమె అతణ్ణి వెక్కిరించడం మానలేదు. క్యాంటీనులో అతని ఎదుట కూర్చోవడమూ మానలేదు. ఒక వానరోజు ఫ్యాక్టరీ బస్సు చిరాగ్‌పల్లి దగ్గర ఆగిపోతే ఇద్దరూ ఒకే గొడుగు కింద అరమైలు నడిచారు. గొడుగు అతనిది. తడిసిందీ అతనే. "గొడుగు పట్టుడు గూడ రాదు" అని ఈసడించిందామె. అసలు మాట మాత్రం ఇద్దరూ ఎత్తలేదు.

శ్రావణంలో ఆమె తండ్రి రామ్‌కిషన్ బీదర్ సంబంధం తెచ్చాడు. ఆదివారం పెళ్లిచూపులు.

సోమవారం సుమిత్ర టెర్మినల్ ముందు కూర్చుంది. వెనకనుంచి ఎవరు చూసినా అనుమానం రాకుండా పైన 'స్టోర్స్: బేరింగుల కొరత' అని పెట్టి, కింద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టింది. "ఆదివారం బీదరోళ్లు నన్ను చూడనీకి వస్తున్నరు. మీకు చెప్పేదుంటే శనివారం లోపల చెప్పున్రి."

మంగళవారం ఇంద్రసేన మిర్చి బజ్జీ కొరుకుతూ ఆమెను చూసి నవ్వాడు. బుధవారం క్రికెట్ గురించి మాట్లాడాడు. గురువారం ఆమె పైన అదే బేరింగుల మాట పెట్టి మళ్లీ రాసింది. శుక్రవారం "మొహం గట్లున్నదేంది, జ్వరమా?" అనడిగాడు.

ఇంత పిరికివాడి కోసమా తను నాలుగు రోజులు అన్నం సరిగ్గా తిననిది అనుకుంది సుమిత్ర. శనివారం నేరుగా కంప్యూటర్ గదిలోకి వెళ్లింది.

"నచ్చకుంటే నచ్చలేదనాలె. చదివి గూడ బజ్జీలు తినుకుంట కూసున్నరు."

"ఏం చదివిన?"

"రెండు మెయిల్స్ పంపిన."

"నాకు రాలే."

"మీ మిషన్‌నే అడగున్రి."

ఇంద్రసేన 'వేరే ఫైలు' తెరిచాడు. ఆ వారంలోనే చదవని మెయిల్స్ నూట నలభై. వాటిలో ఆమెవి రెండూ ఉన్నాయి. రెండూ చదివాడు. రూల్స్ ఫైలు తెరిచి, లేచి, కుర్చీ ఆమెకిచ్చాడు.

మొదటి రూలు: పైన 'స్టోర్స్' అనుంటే వేరే ఫైలులో పడెయ్యి.

తొమ్మిదో రూలు: సుమిత్ర రాస్తే విడిగా దాచి, గంట మోగించు.

"పై రూలు తగిలితే మిషన్ కిందిదాక పోదు" అన్నాడతను నేల చూస్తూ. "స్టోర్స్ సర్క్యులర్లు చదవలేక మొదటిది రాసిన. తొమ్మిదోది జూన్ల రాసిన. గంట ఒక్కసారి గూడ మోగలే. మీరు రాస్తలేరనుకున్న."

"నోటితోని చెప్పొద్దా?"

"మీరు నవ్వుతరని భయం."

ఆమె నవ్వనే నవ్వింది, కళ్లు తుడుచుకుంటూ. "గింత చదువు చదివి, ఏది ముందో ఏది వెనకో తెల్వదు. గిదంత తర్వాత సక్కజేస్కో. ముందు మా నాయినతోని మాట్లాడు."

'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందని అతను గమనించేలోపే ఆమె గుమ్మం దాటింది.

సాయంత్రం ఇంద్రసేన ఇంటికొచ్చి చెప్పిందంతా విని, రామ్‌కిషన్ మీసం సవరించుకున్నాడు.

"నా బిడ్డ రాసింది చదవనోనికి బిడ్డనెట్లియ్యాలె?"

"నేను చదివిపిస్త నాయినా" అంది సుమిత్ర తలుపు దగ్గరనుంచి.

రామ్‌కిషన్ కూతురి మొహం చూశాడు. తర్వాత ఇంద్రసేన వైపు తిరిగాడు. "పోస్టాఫీసు మూసేలోపల పొయ్యి, బీదరోళ్లను రావద్దని టెలిగ్రాం కొట్టిరా. మిషన్‌కు చెప్పకు, నీ చేత్తోనే రాయి."

"అడ్రసు తప్పు రాస్తడు" అంది సుమిత్ర, చెప్పులు తొడుక్కుంటూ. "నేను గూడ పోత."