కకీ మాగే వారం

"ఏయ్ మిస్టర్! అవి బంగాళాదుంపలనుకున్నావా, అలా విసిరేస్తున్నావ్?"

లారీ మీద నిలబడ్డ కుర్రాడు చేతిలో పెట్టెతో అలాగే ఆగిపోయాడు. కింద రబ్బరు బూట్లతో, నడుం మీద చేతులు పెట్టుకుని హరుమి నిలబడి ఉంది. మోజీ కొండల కింద, జపాన్ నుంచి వలసొచ్చిన కుటుంబం వేసిన ఆ తోటలో ఆమె మాటకి ఎదురు చెప్పే మగాడు అప్పటిదాకా లేడు.

"విసరలేదండీ, పెట్టాను. కాస్త స్పీడుగా పెట్టాను."

"పండు కమిలితే మార్కెట్ వాళ్లు పెట్టె మొత్తం తిప్పి పంపుతారు. అసలు కకీ పండు ముట్టుకున్న మొహమేనా?"

"మాది మినాస్ రాష్ట్రం అండీ. మా అమ్మమ్మ పెరట్లో కకీ చెట్టు కిందే పెరిగాను. ఆ పండు గురించి నాకే చెబుతారా? అది మా పండు!"

"మీ పండా?" హరుమి పకపకా నవ్వింది. "కకీ అనే మాటే మా జపాన్‌ది బాబూ!"

"నిజమా?" అతను నిజంగానే నోరు తెరిచాడు. "పాపం, మా అమ్మమ్మ ఆ సంగతి తెలియకుండానే పోయిందే!" అంటూ టోపీ తీసేశాడు.

మార్కెట్‌కి లారీ తోలే అతని పేరు బెనెడీటో. అందరికీ డిటో. ఆ రోజు నుంచి ఒక్కో పెట్టెనీ నిద్రపోతున్న పసిపాపని పడుకోబెట్టినట్టు పెట్టడం మొదలుపెట్టాడు. మిగతా లారీలు వెళ్లిపోయినా అతని లోడింగ్ మాత్రం అయ్యేది కాదు. హరుమి కూడా తొందరపెట్టడం మానేసింది.

ఏప్రిల్ వచ్చింది. అక్కడ చలి మొదలయ్యే నెల. పొద్దున్నే కొండల మీంచి మంచు దిగి తోటంతా కమ్మేసేది. చెట్లు కనబడేవి కావు, పండ్లు మాత్రం గాలిలో తేలుతున్న దీపాల్లా కనబడేవి. ఆ తెల్లదనంలో ఎక్కడో మలుపు దగ్గర లారీ హారన్ మోగేది. హరుమి గబగబా జుట్టు సరిచేసుకుని, ఏమీ ఎరగనట్టు పండ్లు తుడుస్తూ నిలబడేది. ఇంకా నిద్రలోనే ఉన్నానేమో అనిపించేది ఆమెకి. అయితే మెలకువ రాకపోతే బావుణ్ణనీ అనిపించేది.

కానీ మెలకువ తెప్పించే మనిషి ఇంట్లోనే ఉంది. బాచన్, అంటే హరుమి నాయనమ్మ. అమ్మానాన్నలు జపాన్‌లో, హమామాత్సులో ఫ్యాక్టరీ పనికి వెళ్లినప్పటి నుంచి హరుమిని పెంచింది ఆవిడే. అక్కడ వాళ్లు ఒక సంబంధం చూశారు. అబ్బాయి తమవాడే, మంచివాడు. బాచన్ సరే అంటే చాలు. బాచన్‌కి గైజిన్ అంటే గిట్టదు. జపాన్ రక్తం లేని వాళ్లందరినీ ఆవిడ ఆ మాటతోనే పిలుస్తుంది. పరాయివాళ్లని దాని అర్థం.

ఆదివారం డిటో ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

"బాచన్, నేను హరుమిని పెళ్లి చేసుకుంటానండీ."

బాచన్ టీ కప్పు దించకుండానే, "నువ్వు గైజిన్‌వి," అంది. తిట్టినట్టు కాదు. వాన పడుతోందని చెప్పినట్టు.

"ఈ దేశంలోనే పుట్టాను కదండీ. పరాయివాణ్ణి ఎలా అవుతాను?"

"అవుతావు."

"మరి కకీ?"

"దానికేమొచ్చింది?"

"అది మీ మాటేనటగా. మా అమ్మమ్మ పొద్దున లేస్తే ఆ మాటే అనేది. పరాయి మాటని ఆవిడకి ఎవరూ చెప్పలేదు, ఆవిడా అడగలేదు. మా ఇంటికొచ్చింది, ఉండిపోయింది. మీ మాటకి మా ఇంట్లో చోటు దొరికింది కదా బాచన్. నాకు మీ ఇంట్లో దొరకదా?"

వంటింటి తలుపు చాటు నుంచి హరుమి అంతా వింటోంది.

బాచన్ కప్పు కింద పెట్టింది. "మాటలు బానే నేర్చావ్," అని లేచి షెడ్డులోకి నడిచింది. గట్టిగా ఉన్న పండ్లు ఏరి, ఒక్కోదాని తొడిమ మీద చెరకు సారా చుక్కలు వేసి పెట్టెలో పేర్చింది.

"వగరు పోవడానికి మా అమ్మ బియ్యం సారా వేసేది. ఇక్కడికొచ్చాక ఇదే."

"ఇదీ పనిచేస్తుందా బాచన్?"

"నోర్మూసుకుని చూడు." టేపు చుట్టూరా అంటించి పెట్టె అతని చేతిలో పెట్టింది. "వచ్చే ఆదివారం తీసుకురా. ఈలోపు మూత కదిలిందా, సారా ఆవిరి పోతుంది, వగరు అలాగే ఉండిపోతుంది. తియ్యగా మాగితే హమామాత్సుకి నేనే ఫోన్ చేస్తాను. వగరుగా ఉందో, మళ్లీ ఈ గుమ్మం ఎక్కకు."

మర్నాడు హరుమి లారీలోకి తొంగిచూసి తెల్లబోయింది. "దానికి సీటు బెల్టు పెట్టావేంటి?"

"అందులో ఉన్నది నా పెళ్లి. చిన్న విషయమా?"

బుధవారం పెద్ద వాన. డిటో తడుస్తూ పెట్టెలు మోస్తున్నాడు. షెడ్డు గుమ్మంలో బాచన్ తల వంచుకుని పండ్లు తుడుస్తోంది. హరుమి వానలో పరిగెత్తి లారీ ఎక్కి కూర్చుంది. అద్దాల మీద నీళ్లు జారుతున్నాయి. లోపల ఆమె, ఆ పెట్టె, అంతే. మాగుతున్నాయో లేదో? ఒక్కటైనా వగరుగా మిగిలితే?  ఏం చేస్తోందో తెలిసేలోపే ఆమె వేళ్లు టేపు లాగేశాయి.

మూత లేవగానే తియ్యటి సారా వాసన గుప్పుమంది. లోపల పండ్లు మెత్తగా మెరుస్తున్నాయి. ఒక్క క్షణం హాయిగా అనిపించింది. మరుక్షణం, ఆవిరి పోతుందన్న బాచన్ మాట గుర్తొచ్చింది. మూత నొక్కి, టేపుని బొటనవేలితో రుద్ది రుద్ది అంటించింది.

"ఏంటలా ఉన్నావ్?" తడిసి ముద్దయిన డిటో తలుపు తీశాడు.

"ఏం లేదు. వాన."

"వీటికి రోజూ పాటలు పాడుతున్నా తెలుసా? తియ్యగా అవ్వక చస్తాయా!"

హరుమికి ఏడుపొచ్చినంత పనైంది. చెబితే దాచలేడు, పోయి బాచన్ ముందు ఒప్పేసుకుంటాడు. చెప్పకపోతే ఆదివారం వస్తుంది.

ఆదివారం వచ్చింది. డిటో పెట్టె బల్ల మీద పెట్టి చేతులు కట్టుకున్నాడు. 'నేనే తీశాను' అని చెప్పబోయింది హరుమి. ఈలోపు బాచన్ కత్తి తీసి పండు కోసింది. పెద్ద ముక్క తను నోట్లో వేసుకుంది. నెమ్మదిగా నమిలింది, మింగింది. కనుబొమ కూడా కదల్లేదు.

"తియ్యగా ఉంది," అంది.

హరుమి నమ్మలేకపోయింది. డిటో సంబరంగా ఒక ముక్క తీసుకుని కొరికాడు. మరుక్షణం మొహమంతా ముడుచుకుపోయింది.

"బా... బాచన్... ఇది..."

"నా నోటికి తీపే," అంది బాచన్.

"నేనే మూత తీశాను బాచన్!" హరుమి బావురుమంది. "అతనికేం తెలీదు. అతన్ని పంపెయ్యకు!"

"నువ్వేనని తెలుసు. గుమ్మంలోంచి చూశానుగా," అంది బాచన్. "ఈ షెడ్డులోనే పెరిగావు. ఏనాడైనా ఒక మూత మీద వేలు పెట్టావా? అలాంటి దానివి వానలో ఎలా పరిగెత్తావే! ఆ అబ్బాయి ఓపిక చూద్దామనుకుంటే నీ ఆత్రం బయటపడింది. ఇంత ఆశపెట్టుకున్న పిల్లని ఎవడికో కట్టబెట్టి నేను సుఖంగా ఉంటానా?"

ఫోన్ తీసుకుని ఆవిడ లోపలికి వెళ్లింది.

డిటో వంకరపోయిన నోటితోనే ఇంకో ముక్క తీసుకున్నాడు.

"పిచ్చోడా, తినకు!"

"తీపని బాచన్ చెప్పిందిగా," అన్నాడు నాలుక తిరగక.

హరుమి నవ్వుతూ అతని చేతిలో ముక్క లాక్కుని కొరికింది. లోపల్నుంచి బాచన్ గొంతు గట్టిగా వినబడుతోంది.

"నిద్రపోతున్నావా? లే, లే. హరుమికి ఆ సంబంధం వద్దని చెప్పెయ్. ఇక్కడ కుదిరింది... ఏంటీ, గైజినా? ఎవరన్నారు? మనింటి అబ్బాయే."

హరుమి కళ్ల నిండా నీళ్లు తిరిగాయి. వగరు వల్లేనని డిటోకి చెప్పింది.