ఈశ్వరయ్య చూపిన ఇల్లు

సూరత్‌లో ఏ మూలన ఇల్లు తీసుకోవాలో ఈశ్వరయ్యను అడగకుండా తీసుకున్న తెలుగువాడు లేడు. ఉధనా స్టేషన్‌లో దిగిన సిరిసిల్ల వైపు మనిషి ముందు ఆయన గడప తొక్కి, ఆ తర్వాతే సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పని వెతుక్కునేవాడు. ముప్పై నాలుగేళ్లుగా అదే మర్యాద. ఏ గల్లీలో నల్లా ఎన్నింటికి వస్తుంది, ఏ సొసైటీలో కూర వాసనకు కొట్లాటకొస్తారు, తాపీ నది పొంగిన ఏడాది ఏ గోడ మీద ఎంత ఎత్తున బురద చార పడింది, అన్నీ ఆయన నాలుక మీదే ఉండేవి. చదివింది రెండో తరగతి. సంతకం పెట్టాలంటే చెమటలు పట్టేవి. అయితేనేం, ఆయన చూసిన ఇంటికి వంక పెట్టినవాడితో మళ్లీ మాట్లాడింది లేదు.

అలాంటి మనిషిని సొంత మేనల్లుడు అడగలేదు.

రాజ్‌కిరణ్ బ్యాంకు ఉద్యోగి. హైదరాబాదు నుంచి బదిలీ అయి, పెళ్లాం ఇందుజను వెంటబెట్టుకుని వచ్చి, వారం రోజులు హోటల్లో ఉండి, ఫోన్లో బొమ్మలు చూసి ఇళ్లు వెతికాడు. కతర్‌గామ్‌లో మూడు ఇళ్ల వాళ్లు ఒకే ప్రశ్న వేశారు, మాంసం తింటారా అని. ఇందుజ అబద్ధం ఆడలేక తింటామంది. డుమస్ దిక్కు ఒక ఫ్లాట్ నచ్చింది గానీ అక్కడి నుంచి బ్యాంకుకు పోయి రావడంలోనే పొద్దు గడిచేలా ఉంది. ఎనిమిదో రోజు ఇద్దరూ వచ్చి ఈశ్వరయ్య ముందు కూర్చున్నారు.

"ఇప్పుడు యాదికొచ్చిన్నా?" అన్నాడు ఈశ్వరయ్య.

"అట్ల కాదు మామా, నిన్నెందుకు తిప్పలు పెట్టుడని..."

"నీ పెండ్లిల గూడ గట్లనే అనుకున్నరు. మామను తిప్పలెందుకు పెట్టుడని ఎవనితోనో బాసింగం కట్టించిన్రు."

రాజ్‌కిరణ్ తల దించుకున్నాడు. ఆ రోజు సూరత్ రైలు నాలుగు గంటలు ఆలస్యమైంది. ముహూర్తం దాటిపోతోందని ఎవరో దూరపు చుట్టం చేత కట్టించారు. మేనమామ వచ్చేసరికి తలంబ్రాలు కూడా అయిపోయాయి. దానికి రెండేళ్లు. ఈశ్వరయ్య కడుపులో అది నిన్నటిలాగే ఉంది.

"కతర్‌గామ్ల చెత్తడబ్బాల కోడిగుడ్డు పెంకు కనవడితే మీటింగు పెడ్తరు బిడ్డా" అన్నాడు ఇందుజతో. "వడోద్‌ల మనోళ్లున్నరు. ఏది వండుకున్నా అడిగెటోడు లేడు. ఆ వరసల పద్నాలుగో నంబరు ఖాళీగుంది. పోదాం పాండ్రి."

ఆయన మొలతాడుకు ఉన్న తాళంచెవుల గుత్తిలో మంచి ఇళ్లవి రెండున్నాయి. ఒకటి గాలి బాగా వచ్చే మూల ఇల్లు. ఆ చెవి వేలికి తగిలింది కూడా. దాన్ని పక్కకు తోసి పద్నాలుగోది తీశాడు. నెల రోజులు ఉండనీ, ఏడ్చుకుంటూ వచ్చి కాళ్లు పట్టుకుంటారు, అప్పుడు చూపిద్దాం మూల ఇల్లు అనుకున్నాడు.

పద్నాలుగో నంబరులో రెండేళ్లలో నాలుగు కుటుంబాలు మారాయి. అందరూ చెప్పింది ఒకటే. ఇంట్లో ఉన్నంతసేపు ఏమీ ఉండదు. అందరూ బయటికొచ్చి తాళం వేశాక, లోపలి నుంచి ఎవరో తలుపు కొడతారు.

ఈశ్వరయ్య దాన్ని నమ్మలేదు. నమ్మితే ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాల్సి వచ్చేది.

ఆ ఇంట్లో మొదట ఉన్నది పరుశురాం, వాడి పెళ్లాం సంతోషి. పనికి పోయే మొగుడు పెళ్లాన్ని లోపల ఉంచి బయట తాళం వేసి పోవడం ఆ గల్లీల్లో అలవాటు. కొత్తగా వచ్చిన ఆడపిల్ల, భాష రాదు, తాగినవాడెవడో తలుపు తడతాడని భయం. రెండో చెవి ఈశ్వరయ్య దగ్గర ఉంటుంది. పదిహేడు ఇళ్ల చెవులు అలాగే ఉండేవి. ఒక ఎండాకాలం మధ్యాహ్నం పరుశురాం ఫోన్ చేశాడు. "కాకా, సంతోషికి వాంతులైతున్నయట. లేవస్త లేదంటున్నది. సేటు నన్ను ఇడుస్తలేడు. నువ్వు దగ్గర్నే ఉన్నవు, జర తాళం తీసి దవాఖానకు తోల్కపో."

"పోతున్న" అన్నాడు ఈశ్వరయ్య.

అంతకు పది రోజుల ముందే ఆ పరుశురాం నలుగురిలో, కాకా జమానా అయిపోయింది అని నవ్వాడు. ఈశ్వరయ్య వద్దన్న కార్ఖానాలోనే పనికి కుదిరాడు. అది గుర్తుకొచ్చింది. ఆ ఇల్లు రెండు గల్లీల అవతలే. ఈశ్వరయ్య హోటల్ బల్ల మీద కూర్చుని చాయ్ చెప్పాడు. ఇంకొంచెంసేపు ఏడవనీ అని రెండో చాయ్ చెప్పాడు. పొద్దు వాలాక పోయి తాళం తీస్తే తలుపు తెరుచుకోలేదు. ఆ పిల్ల లోపల తలుపుకు ఆనుకుని పడి ఉంది. చుట్టూ సాంచాల చప్పుడు, ఎంత కొట్టినా ఎవరికి వినపడుతుంది?

ఫోన్ రాంగనే ఉరికిన, అప్పటికే అయిపోయింది అన్నాడు అందరితో. పరుశురాం ఆయన కాళ్ల మీద పడి ఏడ్చాడు. ఈశ్వరయ్య వాడి తల నిమిరాడు.

ముగ్గురూ వడోద్ చేరేసరికి సాయంత్రం అయిదు. ఆ రోజు సాంచాలకు వారపు సెలవు. రోజూ చెవులు చిల్లులు పడే గల్లీలో పిచ్చుక అరిస్తే వినపడుతోంది. ఇల్లు రెండు గదులు. రాత్రి పాళీ చేసి పగలు పడుకునేవాళ్లు ఎవరో కిటికీ అద్దాలకు నల్ల కాగితం అంటించి పోయారు. లోపల బయటి ఎండకు సంబంధం లేని చలి. పులిసిన గంజి వాసన.

"ఇంత చీకటేంటి పెదనాన్నా?" అంది ఇందుజ.

"కాగితం గుంజేస్తే ఎలుగొస్తది బిడ్డా. గోడలు సూడు, ఒక్క చెమ్మ లేదు."

"కోడిగుడ్డుకైతే మీటింగు లేదు" అని రాజ్‌కిరణ్ నవ్వాడు. ఇందుజ కూడా నవ్వింది. బయటికి వచ్చారు. ఈశ్వరయ్య తాళం వేశాడు.

నాలుగడుగులు వేశారో లేదో...

టక్. టక్.

ఇంకా ఎవరికీ చెప్పని కడుపు మీద చేయి అడ్డం పెట్టుకుని ఇందుజ ఆగిపోయింది. "లోపల ఎవరో ఉన్నారు."

"ఎవ్వరు లేరు. ఇప్పుడే గద సూసినం" అన్నాడు ఈశ్వరయ్య.

టక్. టక్. టక్.

ఆ చప్పుడు గడియ దగ్గర నుంచి రావడం లేదు. కింద, గడప దగ్గర నుంచి వస్తోంది. పడిపోయిన మనిషి చేయి ఎంత ఎత్తుకు లేస్తుందో, అంత ఎత్తు నుంచి.

"నాకీ ఇల్లు వద్దు" అంది ఇందుజ. మొగుడి చేయి పట్టి లాగింది. "మీరు రండి, పోదాం. నలుగురిని అడిగి ఇంకోటి చూసుకుందాం."

నలుగురిని అడగడం. ఈశ్వరయ్య చెంప మీద కొట్టినట్టయింది. ఈ పిల్ల పోయి నలుగురిలో చెబుతుంది, ఆయన దయ్యాల కొంప చూపించాడని. అప్పుడు ఎవడో ఒకడు అడుగుతాడు, ఆ ఇంట్లో పోయింది ఎవరు, ఎట్లా పోయింది అని.

తాళం తీసి, "ఒరే, ఇగో చెవి" అన్నాడు ఈశ్వరయ్య, రాజ్‌కిరణ్ చేతిలో పెట్టి. "నేను లోపల కూసుంట. నువ్వు బయట తాళమెయ్యి. కొట్టెటోడు ఎవడో నేను సూస్త. నేను పిలిస్తే తియ్యి. నేను చూసిన ఇంటికి వంక పెడ్తున్నరా?"

"వద్దు మామా, ఏందీ పంతం?"

"ఎయ్యరా!"

తలుపు మూసుకుంది. తాళం పడ్డ చప్పుడు వినపడింది.

చీకటి. ఈశ్వరయ్య గోడకు ఆనుకుని నిలబడ్డాడు. బయట మేనల్లుడు చెప్పులు ఈడ్చుకుంటూ తిరగడం వినపడుతోంది. దగ్గరే ఉన్నాడు, చేయెత్తితే అందేంత దూరం. తనకు తానే ధైర్యం చెప్పుకున్నాడు. అప్పుడు గమనించాడు, గంజి వాసన ఎక్కువైంది. ఇందాక గది నిండా ఉన్నది కాస్తా, ఇప్పుడు మొహం దగ్గరే. ఎవరో నోరు తెరిచి ఊపిరి వదులుతున్నట్టు...

అడుగుల చప్పుడు లేదు. బట్ట నేలకు రాసుకున్న చప్పుడు. పాకుతున్నట్టు. లోపలి గదిలో నుంచి గడప దాటింది. ఆగింది. మళ్లీ పాకింది.

ఆయన కాలి వేళ్ల దగ్గర ఆగింది.

"మామా..."

ఆడమనిషి గొంతు. ఎండిపోయిన గొంతు.

"చాయ్ తాగినవా మామా?"

ఈశ్వరయ్య తలుపు కోసం గోడ తడుముకున్నాడు. ఆ సంగతి ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు.

"ఎన్ని తాగినవు?"

"తలుపు... ఒరే రాజూ! తలుపు తియ్!" రెండు చేతులా బాదాడు. "తియ్‌రా! తియ్!"

బయట చెప్పుల చప్పుడు ఆగింది. తాళంలో చెవి తిరిగింది. గొళ్లెం తీసిన చప్పుడు... తలుపు కిర్రుమన్న చప్పుడు... అన్నీ వినపడ్డాయి. కానీ ఆయన అరచేతుల కింద ఉన్న తలుపు వెంట్రుకవాసి కదల్లేదు. వెలుగు రాలేదు.

"అయిపోయిందా మామా?" రాజ్‌కిరణ్ గొంతు.

"అయింది. ఎవ్వరు లేరు. పాండ్రి."

ఆ రెండో గొంతు ఈశ్వరయ్యదే.

ఆయన బాదడం మర్చిపోయాడు. బయట మళ్లీ తాళం పడింది. మూడు జతల అడుగులు దూరమవుతున్నాయి. కిటికీ దగ్గరికి ఉరికి గోళ్లతో నల్ల కాగితం గీరాడు. వేలు పట్టేంత సందు వచ్చింది. కన్ను పెట్టి చూశాడు.

గల్లీలో రాజ్‌కిరణ్, ఇందుజ నడుస్తున్నారు. ఇద్దరి మధ్య తెల్ల ధోతి, భుజాన తువ్వాల, కొంచెం ఎడమకు ఒరిగిన నడక. అరవై రెండేళ్లుగా తనదనుకున్న నడక.

"బిడ్డా! ఇందుజా! నేనిక్కడున్న!" అద్దం మీద గుద్దాడు.

ఇందుజ ఆగింది. వెనక్కి తిరిగి నేరుగా కిటికీ వైపే చూసింది. ఆయన నోరు తెరిచి అరుస్తూనే ఉన్నాడు.

"మళ్లా కొడుతున్నారు పెదనాన్నా" అంది.

ఆ ముసలాయన ఆమె తల మీద చేయి వేశాడు. "నేను పొయ్యి సూసి అచ్చిన గద బిడ్డా. నా మాట మీద నమ్మకం లేదా? రేపు పొద్దుగాల సామాను దింపుండ్రి."

ఇందుజ పెద్దమనిషి మాట తీసేయలేక సరేనంది. రాజ్‌కిరణ్ ముఖంలో గండం గడిచినట్టు నవ్వు. ముగ్గురూ మలుపు తిరిగారు.

లోపల చీకటి పూర్తిగా దిగింది. ఈశ్వరయ్య గొంతు పోయింది. కిటికీ కిందే కూలబడ్డాడు. పక్కనే ఆమె కదులుతోంది. ఇప్పుడు ఆయన మీద కోపం కూడా లేనట్టు, ఇంటికి చుట్టాలొస్తున్న ఆడదానిలా ఏదో సర్దుతోంది.

"జర జరుగు మామా" అంది మెల్లగా. "రేపు అచ్చెటోళ్లకు జాగ కావాలె."

చాప దులిపి నేల మీద పరిచిన చప్పుడైంది. దాని పక్కన ఇంకొకటి. ఈశ్వరయ్య కళ్లు మూసుకున్నాడు. వచ్చేది ఇద్దరే కదా, రెండూ పరిచింది, ఇక అయిపోయింది అనుకున్నాడు.

మూడో చాప విప్పిన చప్పుడు వినపడింది.

చేయి చాచి చీకట్లో తడిమాడు. ఆ చాప పొడవు ఆయన జానెడు కూడా లేదు.