ఏడు ఎంబీల చోటు

పొద్దున ఎనిమిదికి పుంగనూరు బస్టాండులో, వందమంది చూస్తుండగా నిఘా శాఖ సీడీ మోసుకెళ్తున్న నారాయణప్పను పొడిచి చంపారు. చేతిలో తెగిపోయిన సంచి మిగిలింది. సంచిలోని సీడీ మాయం.

"అందులో నలభై ఒక్క పేర్లున్నాయి, దేవరాజులూ." ఫోన్‌లో చీఫ్ గోపాలస్వామి గొంతు పొడిగా ఉంది. "సరిహద్దు అవతల మన కోసం పనిచేసేవాళ్లు. సీడీకి తాళం ఉంది. లాక్కెళ్లిన ముఠా కుప్పంలోని తమ సర్వర్‌లో దాన్ని విప్పుతుంది. విప్పారంటే నలభై ఒక్క శవాలు."

"మన జీపులు?"

"శాంతిపురంలో ఉన్నాయి. ఇరవై నిమిషాల దూరం. కానీ సీడీ లోపలికి చేరాకే కదలాలి. ముందే వెళితే తెచ్చేవాడు జారుకుంటాడు."

అది 2006 జూలై. ఏజెంట్ దేవరాజులు మదనపల్లె టమోటా యార్డులో, కదిరప్ప మండీలో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరి మూడు వారాలైంది. రోజూ టమోటా రేట్లు వెబ్‌సైట్‌లో ఎక్కించాలి. ఆ వెబ్‌సైట్ ఉన్నది శత్రువుల సర్వర్‌లోనే. ఎవరికీ అనుమానం రాకూడదని ఆ ముఠా తమ మెషీన్‌ను గదులుగా విడగొట్టి ఊళ్లోవాళ్లకు అద్దెకిచ్చింది. ఆ గదినే కంటైనర్ అంటారు. లోపలున్నవాడికి పక్క గది కనిపించదు. కానీ డిస్క్ అందరికీ ఒకటే, మిద్దె మీది నీళ్ల ట్యాంకులాగా. పక్కింటివాడు కొళాయి తిప్పితే మట్టం అందరికీ తగ్గుతుంది. గదికింత అని కోటా పెట్టడం ముఠా మరిచిపోయింది. దేవరాజులు 'డీఎఫ్' అనే కమాండ్ కొడితే చాలు, మొత్తం మెషీన్‌లో ఎంత ఖాళీ ఉందో తెర మీదికొచ్చేది.

ఆ సర్వర్ చూసుకునేది రేఖ. నీరుగట్టువారిపల్లె పట్టుచీర, ఘాటైన సెంటు, ముఠా నాయకుడి కార్లో పక్క సీటు. నిజానికి మన మనిషి. ఆమెను ఫోన్ ముట్టనివ్వరు. అందుకే ప్రతి గంటకూ ఏడు ఎంబీల ఫైలొకటి పెట్టి, ఐదు నిమిషాలకు తీసేసేది. ఖాళీ ఏడు తగ్గి మళ్లీ పెరిగితే ప్రాణాలతో ఉన్నట్టు. పద్నాలుగు తగ్గితే సీడీ వచ్చినట్టు; నన్ను చూసుకోవద్దు, పని కానివ్వు అని.

పదకొండు కొట్టింది. పద్నాలుగు తగ్గింది.

ఆ వెంటనే ఖాళీ కరగసాగింది. వంద ఎంబీలు తగ్గింది. రెండు వందలు. మూడు.

"సార్, జీపుల్ని పంపండి! విప్పుతున్నారు. పది నిమిషాల్లో అయిపోతుంది."

"జీపులకు ఇరవై కావాలి. ఆపగలవా?"

"డిస్క్ నింపేస్తే ఆగుతుంది. కానీ నిండిందని తెలిస్తే ముందు రేఖ గొంతు పట్టుకుంటారు."



"నలభై ఒక్కమంది, దేవరాజులూ."

అతను కమాండ్ కొట్టాడు. కంటైనర్ లోంచి సున్నాలు డిస్క్ మీద కుమ్మరించడం మొదలైంది.

కదిరప్ప గుమ్మంలోంచి తొంగిచూశాడు. "ఏమప్పా, రేటు ఎక్కించినావా లేదా? కలకడ రైతులు నన్ను పీక్కతింటాండారు. ఏం రాస్తాండావు?"

"సున్నాలు రాస్తాండా అన్నా."

"టమోటాకు సున్నా రేటా! మండీకి నిప్పు పెడతారు సామీ!"

దేవరాజులు తల తిప్పలేదు. అటు వాళ్లు చోటు తింటున్నారు, ఇటు అతను తింటున్నాడు. మిగిలింది ఎనిమిది వందలు. మూడు వందలు. నలభై. సున్నా.

డిస్క్‌లో చోటు లేదంది తెర.

పన్నెండు కొట్టింది. ఏడు తగ్గలేదు. తగ్గడానికి ఏమీ మిగల్లేదు.

పన్నెండుంపావుకు గోపాలస్వామి ఫోన్ చేశాడు. "అందరూ దొరికారు. సీడీ కూడా. ఆఖరి ముక్క ఒక్కటే ఆగిపోయింది. అది పడనిదే తాళం తెరుచుకోదట."

"రేఖ?"

"కుప్పం ఆస్పత్రికి రా," అన్నాడు.

సాయంత్రానికి చేరాడు. రేఖ రెండు చేతులకూ కట్లు. పది వేళ్లూ ఒక్కొక్కటిగా విరిచారు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. రెండోది అతని వైపు తిరిగింది.

"నలభై ఒకరూ ఉండారా?"

"ఉండారు."



"నాకు మాత్రం ఏడు ఎంబీల సోటు కూడా మిగల్చలేదు గదప్పా."