చాటచెవుల సాక్ష్యం

1991 ఫిబ్రవరి 12, మంగళవారం. ఉదయం 6:10కి సిరిసిల్లలో దశరథం సేటు పవర్‌లూమ్ షెడ్డు తగలబడింది. గోడ మీద ఎర్ర రంగుతో నక్సలైట్ల నినాదం. పదకొండు గంటలకల్లా నిందితుడు స్టేషన్లో ఉన్నాడు.

పేరు ముత్యం. అదే షెడ్డులో మగ్గాలు నడిపేవాడు. ఇరవై రోజులుగా సమ్మె నడిపిస్తున్నదీ అతనే. నాలుగింటికి నక్సలైట్లను వేటాడే స్పెషల్ పార్టీ పోలీసులు వచ్చి తీసుకుపోతారు. అట్లా పోయినవాళ్లు మర్నాడు పేపర్లో ఫోటోలై తేలుతున్న రోజులవి.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ నారాయణ గడియారం చూసుకున్నాడు. 3:05.

ముత్యం తలకు రుమాలు బిగించి ఉంది. దాని కింద పట్టీ. టించర్ వాసన. బుల్లెట్ గాయమేనని కానిస్టేబుళ్లు తేల్చేశారు. పొద్దున ఎక్కడున్నావంటే ఇంట్లోనే అన్నాడు. కట్టు ఎవరు కట్టారంటే మాత్రం నోరు విప్పలేదు. మొండిఘటం. నారాయణకు ఒళ్లు మండింది, లోపల కాస్త ముచ్చటా వేసింది. కట్టు లాగేయబోయిన కానిస్టేబుల్‌ను ఆపి, ముందు సాక్షిని పిలిపించాడు.

సాక్షి దశరథమే. నిప్పు పెట్టి పారిపోతుంటే చూశానన్నాడు.

"మొఖం సూసినవా?"

"లేదు సార్. నెత్తి రుమాలు ఇప్పి మూతికి కట్టుకున్నడు."

"మరెట్ల గుర్తువట్టినవ్?"

"సెవులు సార్. చాటలంత సెవులు. సిరిసిల్ల మొత్తంల గసొంటియి ఇంకెవలికున్నయ్?"

చిన్నప్పటి నుంచి ఊరంతా వెక్కిరించిన చెవులవి. నారాయణ అంతా రాయించి సంతకం పెట్టించాడు. అప్పుడు లేచి, ముత్యం రుమాలు, పట్టీ తనే విప్పాడు.

చెవులు తలకు ఒదిగి ఉన్నాయి. వెనక ఆపరేషన్ తాలూకు సన్నటి గీత. కుట్లు తీసిన చుక్కలు కూడా దాదాపు మానాయి.

3:40.

"గీ కుట్లు మానాలంటె పదిదినాలన్న పడ్తది. షెడ్డు కాలింది ఇయ్యాల. చాటసెవులు నీకెట్ల కనవడ్డయ్ సేటూ?"

దశరథం తలుపు వైపు జరిగాడు.

"ఇంకోటి. సమ్మెల మగ్గం ఆగితె పడుగు నూలు దానిమీదనే ఉంటది. నీ షెడ్ల కాలిన మగ్గాల మీద మాడిన పోగు సుత లేదు, పొద్దున నేనే సూసిన. నిప్పు వెట్టేముందు పడుగులెవలు దించిన్రు?"

కానిస్టేబుళ్లు సేటు ఇంటికి పరుగెత్తారు. నినాదం రాసిన రంగు డబ్బా ఆయన ఇంట్లోనే దొరికింది. సమ్మె పెద్దను వదిలించుకోవడానికి పాత మగ్గాలు కాల్చుకున్నాడు.

నాలుగింటికి స్పెషల్ పార్టీ ఆఫీసర్ దిగాడు. కథంతా విని ఒకటే అడిగాడు. ఆపరేషన్ ఎవరు చేశారు? గుట్టుగా కుట్లు వేసే డాక్టర్ అడవిలో అన్నలకూ వేస్తాడు కదా అన్నాడు. ముత్యం పొద్దుటి నుంచి కట్టు గురించి నోరు విప్పనిది అందుకే.

"నా సెవులు, నా ఇష్టం. కుట్టినోళ్ల పేరు సెప్ప," అన్నాడు ముత్యం.

చెవులు కుట్టించుకోవడం ఏ సెక్షన్ కింద నేరమో చూపించమన్నాడు నారాయణ. పైకి రిపోర్టు రాస్తానన్నాడు ఆఫీసర్. రాసుకోమని ముత్యాన్ని తనే బయటికి తీసుకొచ్చాడు.

మెట్ల దగ్గర ముత్యం భార్య అంజవ్వ పొద్దుటి నుంచి నిలబడే ఉంది. నారాయణ సొంతూరు కోరుట్ల. అంత సన్నగా కుట్టే డాక్టర్ చెయ్యి కోరుట్ల చుట్టుపక్కల ఒక్కటే ఉందని ఆయనకు తెలుసు. అయినా అడిగాడు.

"డాక్టర్ ఎవలో నీకెరుకేనా అంజవ్వా?"

ఆమె కళ్లు దించలేదు.

"ఎరుకే సారూ. సంపినా సెప్ప."

"గట్లనే ఉండు," అన్నాడు నారాయణ. "రేపు ఇంకోలు అడుగుతరు."