ఐదో పేరంటాలు

వద్దంటే వినే రకమా శ్రీహర్ష! పక్కవీధిలో రొమేనియా ముసలావిడ పోతే, ఆవిడ సామాను అమ్మేస్తున్నారని వెళ్లి, ఆ పటం చంకన పెట్టుకుని వచ్చాడు. నూటయాభై ఏళ్ల కిందటి ఆయిల్ పెయింటింగ్ అట. అందులో ఉన్నది రాణీ కాదు, జమీందారిణీ కాదు. తలకి గుడ్డ కట్టుకున్న మామూలు పల్లెటూరి మనిషి. పేరు కూడా ఎవరికీ తెలీదు. నడుముకి కట్టుకున్న ఏప్రన్ అంచులు రెండు చేతులా ఎత్తి పట్టుకుని, ఎవరో ఏదో పోస్తారని కూచున్నట్టుంది. అందులో మాత్రం ఏమీ లేదు.

అతని భార్య నైనికకి అది మొదట్నుంచీ నచ్చలేదు. బొమ్మతో మనకేం గొడవలే అని ఊరుకుంది. రెండుసార్లు కడుపు నిలవక ఏడ్చి ఏడ్చి, మూడోసారికి ఏడో నెల దాకా వచ్చిందామె. లోపల బిడ్డ తన్నినప్పుడల్లా దేవుడికి దణ్ణం పెట్టుకుంటోంది. ఆమెకి ఇంకేమీ అక్కర్లేదు.

సీమంతం రోజున, వాళ్లుండే విదేశపు ఊరు ఆష్‌బర్న్‌లో పొద్దున్నుంచీ ఒకటే మంచు. ఐదుగురు ముత్తైదువల్ని పిలిస్తే నలుగురే వచ్చారు. ఐదో ఆమె రేణు కార్ దారిలో మంచులో ఇరుక్కుపోయింది.

"నలుగురితో ఒడి నింపకూడదే" అంది పద్మ ఆంటీ. ఈ ఊళ్లో నైనికకి తల్లయినా పెద్దదిక్కయినా ఆవిడే. అటూ ఇటూ చూసి, గోడ దగ్గరకెళ్లి, పటంలో ఆవిడ నుదుట ఇంత కుంకుమ అద్దేసింది. "అమ్మా, ఐదోదానివి నువ్వే. పేరంటానికి రా తల్లీ."

అందరూ పడీపడీ నవ్వారు.

"ఆవిడ ముత్తైదువో కాదో మనకేం తెలుసు ఆంటీ?" అంది నైనిక.

"బొమ్మకి వైధవ్యమేమిటే పిచ్చిదానా! బొట్టు పెట్టి పిలిచాక రాకుండా ఉండకూడదు. వస్తుందిలే."

ఒడి నింపారు, పాటలు పాడారు, హారతిచ్చారు. నలుగురూ తాంబూలాలూ చలిమిడీ పుచ్చుకున్నారు. వెళ్లబోతూ పద్మ ఆంటీ నైనికని పక్కకి పిలిచింది. "నీ ఒడిలో పెట్టిన చలిమిడి నువ్వే తినాలి. ఎవరికీ పెట్టకు. అది నీ బిడ్డది." ఆవిడ కార్ స్టార్ట్ కాకపోతే శ్రీహర్ష దింపి రావడానికి వెళ్లాడు.

ఇల్లు బోసిపోయింది. కిటికీల బయట వెలుగు తగ్గుతోంది. వంటింట్లో ఐదో వాటా చలిమిడి అలాగే ఉంది. రేణు ఎలాగూ రాలేదు కదా అని నైనిక తినేసింది. తీపి తింటే చాలు, బిడ్డ లోపల గంతులేస్తుంది.

ఈసారి కదల్లేదు.

చల్లటి నీళ్లు తాగింది. ఎడమవైపు తిరిగి పడుకుంది. పొట్ట నిమిరింది. "నాన్నా... ఒక్కసారి..." ఉలుకూ లేదు, పలుకూ లేదు. అంబులెన్స్‌కి ఫోన్ చేస్తే, రోడ్లు మూసుకుపోయాయి, ఆలస్యమవుతుందన్నారు. శ్రీహర్ష కూడా దారిలో చిక్కుకుపోయాడు.

అప్పుడొచ్చింది వాసన. బొమ్మల రంగుల్లో కలిపే అవిసెనూనె, కట్టెల పొగ, తడిసిన ఉన్ని... హాల్లోంచే.

పటంలో కుంకుమ ఇంకా తడిగా మెరుస్తోంది. ఏప్రన్ కిందికి వేలాడుతోంది. బరువుగా. అందులో ఏదో ముడుచుకుని ఉంది... సన్నగా ఊపిరి తీస్తోంది.

నైనికకి అప్పుడర్థమైంది. పిలిచాం. వచ్చింది. నలుగురికీ ఇచ్చి, ఆవిడ్ని ఉత్తచేతులతో నిలబెట్టాం. ఆవిడ వాటా కూడా నేనే మింగాను!

"తప్పయిపోయింది అమ్మా... నాది నాకిచ్చెయ్... నీ కాళ్లు పట్టుకుంటాను..."

ఇవ్వడానికేముంది? గిన్నె ఖాళీ. మిగిలింది తన ఒడిలో పెట్టింది ఒక్కటే. పద్మ ఆంటీ మాట గుర్తుకొచ్చింది. వచ్చినా చేతులు ఆగలేదు. ఆ చలిమిడి ముద్ద తాంబూలం పళ్లెంలో పెట్టి, పటం ముందు ఉంచి, కళ్లు గట్టిగా మూసుకుంది.

బిడ్డ తన్నింది!

నైనిక భోరుమంది. కళ్లు తెరిచేసరికి పళ్లెంలో తమలపాకులు మాత్రమే ఉన్నాయి. ఏప్రన్ ఎప్పటిలా ఖాళీగా ఉంది.

అంబులెన్స్ వచ్చింది, శ్రీహర్ష నేరుగా హాస్పిటల్‌కే వచ్చాడు. బేబీ బాగానే ఉందంటూ నర్సు స్కాన్ కోసం నైనిక చీర పక్కకి తీసి, ఆగిపోయింది.

బొడ్డు కింద గుండ్రంగా, ఎర్రగా, తడిగా... బొట్టు.

"సీమంతంలో పెట్టారా?" అన్నాడు శ్రీహర్ష.

పొట్టమీద ఎవరూ పెట్టలేదు. నర్సు తుడిచింది. మళ్లీ తుడిచింది. పోలేదు. గదంతా అవిసెనూనె వాసన.

బొట్టు పెట్టి పిలిచాక రాకుండా ఉండకూడదన్న మాట గుర్తొచ్చి, నైనిక రెండు చేతులతో పొట్టని కప్పుకుంది. "రాదు..." అని గొణిగింది. "నా బిడ్డ ఎక్కడికీ రాదు..."

లోపల్నుంచి బిడ్డ సరిగ్గా ఆ బొట్టు దగ్గరే తన్నింది. మళ్లీ తన్నింది. బయల్దేరడానికి తొందరపడుతున్నట్టు.