ఆరో రింగు

నంబరు పోయింది సోమవారం ఉదయం. పోయినట్టు తెలిసింది మాత్రం మధ్యాహ్నం, ఫోను పెట్టే మనిషి వచ్చాక.

అది కుట్టు మిషన్లు బాగుచేసే షాపు. ఒక పొడవాటి బల్ల, గోడకు వేలాడే బెల్టులు, డబ్బాల్లో సూదులు, బాబిన్లు. తండ్రి పోయి ఎనిమిది నెలలైంది. అప్పటినుంచి కూతురే నడుపుతోంది. వీధిలో అందరూ ఆమెను మిషనమ్మాయి అంటారు.

వచ్చినవాడు చిన్న చిన్న షాపులకు ఇంటర్నెట్ ఫోన్లు పెడతాడు. భుజాన సంచి, చేతిలో వైరు చుట్ట. గుమ్మంలోంచే మాటలు మొదలుపెట్టాడు.

"ఇక చూడండి మేడమ్. షాపులో ఉంటే ఇక్కడ తీస్తారు. బయటికెళ్తే అదే కాల్ మీ సెల్లుకొస్తుంది. నంబరు మాత్రం మీ పాతదే. పాత లైనులోంచి ఇందులోకి లాగేస్తాం."

"పాత లైను పొద్దున్నే తీయించేశాను," అందామె.

అతని చేతిలో వైరు చుట్ట జారింది.

"తీయించడమంటే?"

"ఆఫీసుకెళ్ళి సంతకం పెట్టొచ్చాను. మీరొచ్చేసరికి అంతా సిద్ధంగా ఉండాలని."

"అయ్యో! ఎవరు చేయమన్నారండీ?"

"మీరే. పాత కనెక్షను ఇక అక్కర్లేదన్నారు."

"నంబరు మారాక అక్కర్లేదన్నాను. లైను నడుస్తుంటేనే నంబరు మారుతుంది. మూసేస్తే ఇంకేం మారుతుంది?"

"ముందే మూయకండి అని చెప్పారా?"

"ముందే మూసేవాళ్ళు ఉంటారనుకోలేదండీ!"

తండ్రి ఆమెకు నేర్పిన మొదటి పద్ధతి ఇది. బల్లమీద రెండు మిషన్లు ఒకేసారి విప్పకూడదు. ఒకదాని పని పూర్తిగా ముగించి, మూతపెట్టి, తుడిచి, అప్పుడే రెండోది. ఆమె ఫోను విషయంలోనూ అదే చేసింది. పాతదాన్ని ముగించి, తుడిచి, కొత్తదాని కోసం ఎదురుచూసింది.

ఆ నంబరు ఇరవై రెండేళ్ళది. తండ్రి బాగుచేసిన ప్రతి మిషను మెడ కింద ఒక చిన్న స్టిక్కరు ఉంటుంది. దానిమీద షాపు పేరు కూడా లేదు, నంబరు ఒక్కటే. ఊళ్ళో ఎవరి దారం తెగినా మిషను వంచి ఆ నంబరు చూస్తారు. ఆ నంబరు లేకపోతే షాపు ఉన్నట్టు వాళ్ళకు తెలిసే దారి లేదు.

అతను కంపెనీవాళ్ళతో అరగంట మాట్లాడాడు. మాట్లాడినంతసేపూ ఆమె షాపులో అటూ ఇటూ తిరిగింది. ఒక డబ్బా మూత తీసింది, పెట్టింది, మళ్ళీ తీసింది.

"మూసేసిన నంబరును తొంభై రోజులు పక్కన పెడతారట," అన్నాడు చివరికి. "ఆ తరువాత ఎవరికైనా ఇచ్చేస్తారు. సరిగ్గా ఆ రోజు మనం అడగాలి. దొరికితే మన అదృష్టం."

"మన?"

"మీ," అని సర్దుకున్నాడు.

అప్పటికి వేరే నంబరుతో ఫోను పెట్టాడు. షాపులో ఐదు రింగులదాకా ఎవరూ తీయకపోతే కాల్ ఆమె సెల్లుకు వెళ్ళాలి. వెళ్తుందో లేదో చూడ్డానికి ముందు తన సెల్ నంబరే పెట్టుకున్నాడు. వెళ్ళింది. ఇక తనది తీసేసి ఆమెది పెట్టాలి. కానీ ఆమె బల్ల అవతలినుంచి అలాగే చూస్తోంది. ఆ చూపుకు అతను చేయవలసిన పని మరచిపోయాడు. సంచి సర్దుకుని బయటపడ్డాడు.

కొత్త నంబరు తలుపుకు అంటించింది. తెలిసిన దర్జీలకు చెప్పింది. ఇంట్లో తల్లికి పెద్ద అంకెలతో రాసిచ్చింది. తల్లి రోజూ ఒంటిగంటకు షాపుకు ఫోను చేస్తుంది. తండ్రి ఉన్నప్పటి అలవాటు అది. ఇప్పుడూ మానలేదు.

ఆ తొంభై రోజులూ మిషనమ్మాయికి కుదురు లేదు. ఒక్క స్క్రూ బిగించి లేస్తుంది. ఫోను ఎత్తి చెవికి పెట్టుకుని పనిచేస్తోందని నమ్మకం కుదిరాక దించుతుంది. మోగినప్పుడు చేతుల నిండా నూనె. గుడ్డ వెతికి తుడుచుకునేసరికి ఆగిపోతుంది. చేసినవాళ్ళు విసుగుపుట్టి పెట్టేశారనుకునేది.

వాళ్ళు పెట్టేయలేదు. ఆరో రింగు వేరేచోట మోగుతోంది.

మొదటి కాల్ వచ్చినప్పుడు అతను ఒక పుస్తకాల షాపులో నిచ్చెన మీద ఉన్నాడు.

"తిన్నావా?" అందొక ఆడగొంతు.

"తిన్నానండీ," అన్నాడు, అలవాటుగా.

"ఎవరు బాబూ నువ్వు? మా అమ్మాయేదీ?"

"నేను ఫోను పెట్టినవాణ్ణండీ."

"ఓహో, నంబరు పోగొట్టింది నువ్వేనా!"

నిచ్చెన దిగి, ఆవిడకు పది నిమిషాలు సంజాయిషీ చెప్పుకున్నాడు. ఆవిడ అంతా విని, "సరేగానీ, నిజంగా తిన్నావా?" అని అడిగింది. తినలేదని ఒప్పుకున్నాడు.

తన నంబరు తీసేయడం మర్చిపోయాడని అప్పుడర్థమైంది. సాయంత్రమే మార్చేద్దామనుకున్నాడు. ఈలోగా ఒక దర్జీ చేశాడు, మిషను కుట్టు దాటేస్తోందని. ఏం చెప్పాలో తెలియక, అమ్మాయిగారిని అడిగి చెప్తానని, వెంటనే షాపుకు ఫోను చేశాడు.

"కుట్టు దాటేస్తే ఏం చేయాలండీ?"

"మీ ఇంట్లో మిషనుందా?"

"తెలిసినవాళ్ళదండీ."

"సూది తిరగేసి పెట్టుంటారు. దానికో పక్క చదునుగా ఉంటుంది. అది ఎటు ఉండాలో మిషను మీదే గుర్తుంటుంది, చూడమనండి."

అలా తెలిసినవాళ్ళు పెరిగారు. రోజుకొకరి మిషను పాడవుతోంది. బెల్టు జారిందంటాడు, కింద దారం చిక్కుపడిందంటాడు. "మీ చుట్టాలంతా దర్జీలేనా?" అని ఆమె నవ్వింది. తండ్రి పోయాక షాపులో అలా నవ్వడం అదే మొదలు. నవ్వి, నవ్వినందుకు తనమీద తనకే చిరాకేసి, ఫోను పెట్టేసింది.

డెబ్భయ్యో రోజున వాన. తడిసిన గొడుగు మడుస్తూ ఒక దర్జీ వచ్చాడు.

"మీ షాపులో అబ్బాయి మంచివాడమ్మా. చెప్పినట్టు సూది తిప్పి పెట్టా, ఝామ్మని కుడుతోంది."

"మా షాపులో అబ్బాయెవరు?"

"అదేనమ్మా, ఫోనులో మాట్లాడతాడే."

దర్జీ వెళ్ళాక ఆమె తన సెల్లులోంచి షాపు నంబరు నొక్కింది. ఎదురుగా బల్లమీద ఫోను మోగుతోంది. చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది. ఐదు. ఆరో రింగుకు బల్లమీద ఫోను ఆగింది, చెవిలో గొంతు పలికింది.

"నమస్కారమండీ, మిషన్ల షాపు. ముందు సూది చూశారా?"

ఆమె సెల్లును చెవికి ఇంకా నొక్కిపెట్టుకుంది.

"కంగారుపడకండమ్మా. చదును ఎటుందో చెప్పండి."

"ఎటుందో మీరే వచ్చి చూడండి," అందామె. "ఇప్పుడే."

పావుగంటలో వచ్చాడు. నెత్తినుంచి నీళ్ళు కారుతున్నాయి. లోపలికి రమ్మనలేదు కాబట్టి గుమ్మంలోనే ఆగాడు.

"మొదటిరోజు మర్చిపోయానండీ. నిజం."

"రెండోరోజు?"

"రెండోరోజు గుర్తొచ్చింది."

"మరి?"

"తీసేస్తే మీకు ఫోను చేయడానికి నాకు సాకు ఉండదు."

వాన ఒక్కసారిగా పెరిగింది. ఆమె ఏదో గట్టిగా అందామనుకుంది. ముందు తుడుచుకునే గుడ్డ విసిరింది. అది నూనె గుడ్డ. అతను దాంతోనే ముఖం తుడుచుకున్నాడు. నల్లగా తయారైన ఆ ముఖం చూసి ఆమె అటు తిరిగిపోయింది. భుజాలు కదులుతుంటే నవ్వో ఏడుపో అతనికి తెలియలేదు. ఆమెకూ తెలియలేదు.

"అమ్మ కూడా మాట్లాడుతోందా మీతో?"

"రోజూ. ఒంటిగంటకి. మీరు చేతులు తుడుచుకునేలోపే నాకొచ్చేస్తుంది. మీకు చెప్పొద్దన్నారు."

"ఏమంటుంది?"

"నాన్నగారి గురించి చెప్తారు. మీకు చెప్తే మీరు లేచి పక్కగదిలోకి వెళ్ళిపోతారట."

అది నిజం. ఆమె బల్ల కింద ఉన్న స్టూలు కాలితో ఇవతలికి నెట్టింది. అతను లోపలికి వచ్చి కూర్చున్నాడు.

తొంభై ఒకటో రోజు తలుపులు తీసే వేళకే ఇద్దరూ ఆఫీసు మెట్లమీద ఉన్నారు. కాగితం ఇచ్చారు. కౌంటరులో మనిషి ఏదో నొక్కి, చూసి, "నిన్ననే ఇచ్చేశామండీ," అన్నాడు. వాళ్ళ లెక్క నంబరు మూసిన రోజునుంచి, వీళ్ళ లెక్క మర్నాటినుంచి. ఒక్కరోజు తేడా.

మెట్లు దిగి, నిలబడే, ఆమె ఆ నంబరుకు ఫోను చేసింది.

"పళ్ళ డాక్టరుగారి క్లినిక్కండీ," అందొకామె. "పన్నా? మిషనా?"

"మిషను."

"రాత్రి నుంచీ మీరు నాలుగోవారు. ఏ షాపు కోసం చేస్తున్నారో మాక్కూడా తెలీదండీ."

ఆమె సెల్లు సంచిలో వేసుకుంది. నడవడం మొదలుపెట్టింది. అతను పక్కనే నడిచాడు. మూడు వీధులు దాటారు.

"తప్పు నాది," అన్నాడు.

"సంతకం నాది."

ఇంకో వీధి దాటారు.

"పాత స్టిక్కర్లమీద కొత్తవి అంటించాలి," అందామె. "ఇంటింటికీ వెళ్ళి. నాన్న నోటుబుక్కులో అందరి అడ్రసులూ ఉన్నాయి. ఒక్కదాన్నే అయితే రెండేళ్ళు పడుతుంది."

"ఇద్దరమైతే?"

"ఏడాది."

"అంతేనా?" అన్నాడతను. దిగులుగానే అన్నాడు.

ఆమె ఆగి అతనివైపు చూసింది. ఈసారి చూపు తిప్పుకోలేదు. "నెమ్మదిగా అంటిద్దాం," అంది.

ఆ మధ్యాహ్నం తల్లికి చెప్పారు. ఆవిడ కొత్త నంబరు రాసిన కాగితం తీసి గోడకు అంటించింది. తరువాత అతనివైపు తిరిగి, "ఇక ఫోనులో అడగడమెందుకు? రోజూ ఒంటిగంటకు ఇద్దరూ ఇక్కడికే వచ్చి తినండి," అంది. "మా అమ్మాయి పొద్దుపోయేదాకా మంచినీళ్ళు కూడా తాగదు. చెప్పేవాళ్ళు ఉండాలి."

"అమ్మా!"

"నీతో కాదే, అబ్బాయితో మాట్లాడుతున్నా."

మర్నాటినుంచి షాపు మూశాక వీధుల్లోకి వెళ్తున్నారు. అతను మిషను వంచి పట్టుకుంటాడు, ఆమె అంటిస్తుంది. కొన్ని ఇళ్ళలో మిషన్లు అమ్మేశారు. కొన్ని ఇళ్ళలో మనుషులే మారిపోయారు. ఒక ముసలావిడ పాత స్టిక్కరు కప్పనివ్వలేదు, "మీ నాన్న అంటించింది, ఉండనీ" అంది. కొత్తది పక్కన అంటించారు. ఆ ఇంటినుంచి బయటికొచ్చాక ఆమె ఒకచోట ఆగి ఏడ్చింది. అతను స్టిక్కర్ల కట్ట తీసుకుని పట్టుకున్నాడు.

నోటుబుక్కులో పదిహేడు వీధులు అయ్యాయి. రైలు పట్టాల అవతలి వీధులు ఇంకా మొదలుపెట్టలేదు.