పండుగ లేని ఇంటికి వచ్చిన వీడియో

సిరిసిల్లలో రహస్యం మాట్లాడుకోవడానికి సాంచాల షెడ్డును మించిన చోటు లేదు. నలభై మరమగ్గాలు ఒక్కసారి ఆడితే మన మాట మన చెవికే వినపడదు, ఇక గోడలో దాచిన మైక్రోఫోన్‌కు ఏం వినపడుతుంది? గూఢచారి విభాగం సెక్షన్ సెవెన్ చీఫ్ దశరథం ఈ లెక్కతోనే ఆ షెడ్డును ఎంచుకున్నాడు. కాకపోతే ఆయన ఢిల్లీలో కూర్చుని వేసిన లెక్క పదేళ్ల కిందటిది. ఇప్పుడు ఆర్డర్లు లేక నలభైలో ఆరు మాత్రమే ఆడుతున్నాయి.

"చీరలకు నూలొచ్చిందా?" అన్నాడు చీఫ్.

"నూలొచ్చింది. ఆర్డరే రాలే," అన్నాడు ఏజెంట్ కొమురెల్లి.

కోడ్ సరిపోయింది. కాని పక్క సాంచా మీదున్న ముసలాయన తలెత్తి, "గంతే సారూ, ఆర్డరు యాడ అచ్చింది!" అన్నాడు. ఇద్దరూ మరో మూలకు జరిగారు.

కొమురెల్లి పుట్టిందీ పెరిగిందీ ఆ వీధుల్లోనే. బీఎస్సీ కెమిస్ట్రీ, ఫస్ట్ క్లాస్. పేలుడు పదార్థాన్ని వాసన చూసి పేరు చెప్పగలడని సెక్షన్‌లో ప్రతీతి.

"ఎక్కడ పెట్టారు బాంబు?" అన్నాడు.

"బాంబు కాదు. ఎంబీఏ."

"సర్?"

"ఇంటర్నేషనల్ ఎంబీఏ. నాలుగు నెలలు జగిత్యాలలో, తర్వాత ఏడాది బ్యాంకాక్ క్యాంపస్‌లో. జెనిత్రా స్కూల్ ఆఫ్ బిజినెస్. మొదటి బ్యాచ్‌లో పందొమ్మిది మంది వెళ్లారు, అందరూ నీలాంటి సైన్స్ గ్రాడ్యుయేట్లే. వాళ్లలో ఒక్కరూ ఏ క్యాంపస్‌లోనూ లేరు. సరిహద్దు దాటించి అడవిలో ఒక కాంపౌండ్‌లో పెట్టారు. తుపాకీ నీడన కూర్చోబెట్టి ఆన్‌లైన్ మోసాలు చేయిస్తున్నారు."

"ఇళ్లల్లో ఎవరూ అడగలేదా?"

"వాళ్లకు వీడియోలు వస్తున్నాయి."

చీఫ్ ట్యాబ్ నొక్కాడు. మహేందర్ అనే కుర్రాడు, నీలం చొక్కా, వెనుక పచ్చటి లాన్. "అమ్మా, దసరా మంచిగ చేస్కోండ్రి. తాతను అడిగిన అని చెప్పు. నేను మంచిగున్న."

"బాగానే ఉన్నాడుగా సర్."

"వాళ్ల తాత దసరాకు ఇరవై రోజుల ముందు పోయాడు. తల్లి ఏడుస్తూ వాయిస్ మెసేజ్ పెడితే జవాబుగా బొటనవేలి బొమ్మ వచ్చింది. తర్వాత ఇది వచ్చింది."

కొమురెల్లికి విషయం తట్టింది. మనిషి పోయిన ఇంట్లో ఏడాదిపాటు పండుగ ఉండదు. చుట్టపక్కాలు ఆ గడప దగ్గర పండుగ మాటే ఎత్తరు. ఎన్ని సముద్రాలు దాటినా కోరుట్లలో పుట్టినవాడు ఈ తప్పు చెయ్యడు. చేశాడంటే ఆ మాట ఇప్పటిది కాదు, ఎప్పుడో మాట్లాడించి దాచిపెట్టింది.

"తల్లి పేరు లక్ష్మవ్వ," అన్నాడు చీఫ్. " కోరుట్లలో బీడీలు చుడుతుంది. ఎవరి దగ్గరికి పోయినా, కొడుకు మంచిగనే ఉన్నడు గద అని పంపించేశారు. ఈ ఒక్క క్లిప్పుతో అక్కడి సర్కారును కదిలించలేను. రెండో బ్యాచ్ విమానం ఎక్కకముందే ఆధారం కావాలి. లోపల మన మనిషి ఒకరున్నారు. కోడ్ నేమ్ పాలపిట్ట. ఏం పంపినా ఆమె చేతుల మీదుగానే పంపు. మిషన్ పేరు ఆపరేషన్ కాన్వొకేషన్."

చీఫ్ ఒక పెన్ను ఇచ్చాడు. అందులో కెమెరా. చూడటానికి పెన్నే, రాస్తే మాత్రం రాయదు.

జగిత్యాలలో జెనిత్రా స్కూలు ఒక సెల్‌ఫోన్ దుకాణం పైన రెండో అంతస్తులో ఉంది. మెట్లు ఇరుకు, బోర్డు మాత్రం మూడు గదుల పొడవు. కొమురెల్లి అక్కడ కరుణాకర్ అయ్యాడు, మెట్‌పల్లివాడు. అతను పోను ఇరవై ఇద్దరు విద్యార్థులు. డీన్ రిక్టర్ ఏ దేశంవాడో ఎవరికీ తెలియదు. తెర మీదే కనపడతాడు.

"మిస్టర్ కరుణాకర్, వాట్ ఈజ్ యువర్ కోర్ కాంపిటెన్సీ?"

నాలుగు దేశాల్లో నాలుగు పేర్లతో తిరిగిన కొమురెల్లి ప్రశ్న మళ్లీ అడగమన్నాడు. ఏ ఉప్పులో ఏ ఆమ్లముందో చెప్పమంటే నిద్రలో కూడా చెబుతాడు. సినర్జీ, లెవరేజ్, స్టేక్‌హోల్డర్ అంటే మాత్రం అతనికి కాళ్లూ చేతులూ ఆడలేదు. శత్రువు చేతికి చిక్కిన రోజు కూడా ఇంత చెమట పట్టలేదు.

స్వాట్ అనాలిసిస్ రాయమన్న రోజు పక్కనున్న అభినవ్ మెల్లగా గోకాడు. బోయినపల్లి పిల్లవాడు, బీఎస్సీ మ్యాథ్స్.

"అన్నా, వీక్‌నెస్‌ల కింద రెండు పేజీలయినయి. స్ట్రెంత్‌ల కింద ఏం రాసినవే?"

"ఏం రాయలే."

"నేను గూడ." అభినవ్ నవ్వాడు. ఆ నవ్వు చూడలేక కొమురెల్లి బోర్డు వైపు తిరిగాడు.

క్రాస్ కల్చరల్ కమ్యూనికేషన్ చెప్పే గీతా మేడం క్లాసులోకి వస్తే ఇరవై మూడు తలలూ లేచేవి. నీలం సిల్కు చీర, మెట్లన్నీ టకటకలాడించే హీల్స్, ఆమె వెళ్లిపోయినా గంటసేపు ఉండే సెంటు వాసన. మొదటి రోజే రికార్డు పుస్తకం దిద్దుతూ తలెత్తకుండా అడిగింది.

"దసరాకు పాలపిట్టను చూసినవా?"

"ఈ ఏడు కనవడలే మేడం."

"ఇప్పుడు చూసినవ్ గద."

మార్చి మొదటి వారం, ప్రయాణానికి ఐదు రోజుల ముందు, ఆమె ఆఖరి అసైన్‌మెంట్ ఇచ్చింది. ఇరవై మార్కులు. గోడకు ఆకుపచ్చ గుడ్డ కట్టారు. ఒక్కొక్కరూ ఐదు చొక్కాలు మార్చి ఐదు వీడియోలు చెప్పాలి. చేరిన అని ఒకటి, ఉగాదికి ఒకటి, దసరాకు ఒకటి, జ్వరం తగ్గింది అని ఒకటి, ఇంకో ఏడాది ఆగివస్త అని ఒకటి.

కొమురెల్లి కూడా నిలబడి చెప్పాడు. "అమ్మా, నేను మంచిగున్న." పేరు దొంగది, చొక్కా దొంగది. అతని జేబులో పెన్ను అంతా చూస్తోంది. సాయంత్రం దాన్ని పాలపిట్ట చేతిలో పెట్టి, "చీఫ్‌కు పంపండి," అన్నాడు. చీఫ్ విమానాశ్రయం బస్సును ఆపుతాడని నిబ్బరంగా ఉన్నాడు.

ప్రయాణం రోజు కోరుట్లలో ఒక ఫంక్షన్ హాలు ముందు బస్సు నిలబడింది. నాలుగింటికి బయలుదేరాలి. తల్లిదండ్రులంతా వచ్చారు. సూట్‌కేసులకు తాళ్లు బిగించి, పైన మార్కర్‌తో పేరూ ఊరూ రాసి ఉన్నాయి. లోకల్ మేనేజర్ మొగిలయ్య పాస్‌పోర్టులన్నీ ఒక సంచిలో వేసుకున్నాడు.

లక్ష్మవ్వ కూడా వచ్చింది. కొమురెల్లి చేతిలో ఒక స్టీలు పచ్చడి డబ్బా పెట్టింది.

"మా మహేందర్ గాడ్నే ఉంటడట గద. గీ మామిడికాయ తొక్కు ఇయ్యి కొడుకా. నాకు అనుమానమే. ఉంటే తింటడు గదా అని తెచ్చిన."

డబ్బా తీసుకున్నాడు. మూడున్నర అయింది. పోలీసు జీపు జాడ లేదు. అభినవ్‌ను పక్కకు లాగాడు.

"బస్సెక్కకు. గిది మోసం. ఆడ కాలేజీ లేదు."

అభినవ్ నివ్వెరపోలేదు. అదే కొమురెల్లిని భయపెట్టింది.

"నాక్కూడ డౌటే అన్నా. ఈడుండి ఏం జెయ్యాలె చెప్పు? నోటిఫికేషన్ లేదు. మా నాయిన దుబాయిల నడుము ఇరగ్గొట్టుకొని అచ్చిండు. అందరికి చెప్పుకున్నం పోతున్న అని. ఎట్ల తిరిగి పోవాలె ఇంటికి?"

అంతలో గీత వచ్చి, "కరుణాకర్, పైకి రా. సంతకం కావాలి," అంది. పై అంతస్తులో పెళ్లికూతురు గది. తలుపు దగ్గరికి వేసి అతని పెన్నును అద్దం ముందు పెట్టింది.

"ఇది చీఫ్‌కు పోలేదు. బస్సు రేపని చెప్పిన ఆయనకు."

అతని చెయ్యి ట్రాన్స్‌మిటర్ దాచిన గడియారం వైపు వెళ్లింది.

"ట్రాన్స్‌మిటర్ పనిచెయ్యదు. జామర్ పెట్టిన. ఫోన్ కూడా అంతే."

"ఎందుకు?"

ఆమె కళ్ల కాటుక చెదిరింది. "మా తమ్ముడు ఆడనే ఉన్నడు, మొదటి బ్యాచ్‌ల. ఒక్క బ్యాచ్ పంపితే ఇడుస్తం అన్నరు. నీ చీఫ్ నాలుగు నెలల్ల ఏం జేసిండు? లెటర్ రాసిండు."

చీఫ్ నిజంగానే లెటర్ రాశాడు.

కింద బస్సు ఇంజన్ మొదలైంది. గీత తన ల్యాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టి తెరిచింది. జామర్ తీగ లాగేసింది.

"వీడియోలన్నీ దీంట్లనే ఉన్నయి. ఏ తేదీకి ఎవలింటికి పోవాలెనో అంత షెడ్యూల్ చేసి ఉన్నది. నేనైతే నొక్కలేను. నా చేతులతోని నా తమ్ముని సంపుకోలేను." తలుపు దాటి, బయట గడియపెట్టి ఆమె వెళ్లిపోయింది.

మూడూ యాభై ఆరు. చీఫ్‌కు మెసేజ్ కొట్టాడు, కాని జీపులు రావడానికి గంట పడుతుంది. తెర మీద పేర్ల వరుస. పైన మొదటి బ్యాచ్, కింద రెండో బ్యాచ్. షెడ్యూలు ఎలా ముందుకు జరపాలో ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్ మూడో క్లాసులో చెప్పారు. నాలుగు నెలల్లో అతనికి అర్థమైన క్లాసు అదొక్కటే.

నొక్కితే ఇరవై ఇద్దరు దిగుతారు. అడవిలో ఉన్న పందొమ్మిది మంది మీద ఏం విరుచుకుపడుతుందో ఎవరూ చెప్పలేరు. డెసిషన్ మేకింగ్ పేపర్లో ఇలాంటి ప్రశ్నకు పట్టిక గీసి జవాబు రాయించారు. ఇప్పుడు పట్టికా లేదు, జవాబూ లేదు. ఒడిలో తొక్కు డబ్బా ఉంది.

రెండో బ్యాచ్ 'చేరిన' వీడియోలన్నీ సెలెక్ట్ చేశాడు. తేదీ ఇవాళ, టైము మూడూ యాభై తొమ్మిది. నొక్కాడు.

సిగ్నల్ ఒక్క గీత ఉంది. తెర మీద సున్నా తిరుగుతూనే ఉంది. బస్సు హారన్ కొట్టింది. డోరు మూసిన చప్పుడు. చక్రాలు కదిలాయి. అతను కిటికీ చువ్వలు పట్టుకుని కిందికి చూడటం తప్ప ఏమీ చెయ్యలేకపోయాడు.

కింద ఒక ఫోన్ మోగింది. తర్వాత ఇంకొకటి. ఆపైన అన్నీ ఒకేసారి.

అభినవ్ తండ్రి ఫోన్ దూరం పట్టుకుని చూశాడు. తెర మీద ఎర్ర చొక్కా అభినవ్, వెనుక పెద్ద భవనం. "నాయినా, క్యాంపస్‌కు చేరిన. ఫుడ్డు మంచిగున్నది." బస్సు కిటికీలో తెల్ల చొక్కా అభినవ్ ఇంకా చెయ్యి ఊపుతున్నాడు.

తండ్రి ఫోన్‌ను చూశాడు, కిటికీని చూశాడు. విరిగిన నడుముతోనే పోయి బస్సు ముందు అడ్డంగా కూర్చున్నాడు.

"నా కొడుకు ఈడుండంగ ఆడెట్ల చేరిండు రా?"

ఆ తర్వాత మొగిలయ్యకు పారిపోయే దారి దొరకలేదు. పాస్‌పోర్టుల సంచి ఆడవాళ్లు గుంజుకున్నారు. జీపులు వచ్చేసరికి అయిదైంది. తలుపు తీసిన కానిస్టేబుల్ మొదట కొమురెల్లినే పట్టుకున్నాడు.

గీత ఎటూ పోలేదు. ఫంక్షన్ హాలు మెట్ల మీద కూర్చుని ఫోన్ చూసుకుంటోంది. తమ్ముడి నంబరుకు ఎన్నిసార్లు చేసినా అవతల ఎవరూ ఎత్తడం లేదు. బేడీలు వేస్తుంటే చెయ్యి మార్చి మళ్లీ డయల్ చేసింది.

"వెల్ డన్," అన్నాడు చీఫ్ ఫోన్లో. "ఆధారం దొరికింది. అక్కడి సర్కారుకు ఇవాళే లెటర్ రాస్తున్నాను."

కొమురెల్లి ఫోన్ పెట్టేశాడు. లక్ష్మవ్వ ఎదురుగా నిలబడి ఉంది. ఆమెకు అంతా అర్థమైంది.

"అవ్వా, మహేందర్ వీడియో ఇంకొకటి ఉన్నది ఆ ల్యాప్‌టాప్‌ల. ఉగాదికి అస్తది. గది ఇప్పటిది కాదు. ఆపమంటవా?"

లక్ష్మవ్వ తల అడ్డంగా ఊపింది.

"ఆపకు కొడుకా. పండుగ లేకున్నా మంచిదే. మొఖమన్న చూస్త."

తొక్కు డబ్బా ఆమె తిరిగి తీసుకోలేదు. అది పట్టుకునే అతను జీపు దగ్గరికి నడిచాడు. వెనుక అడుగుల చప్పుడు. అభినవ్, అతని వెనుక మిగిలిన ఇరవై ఒక్కమందీ. థాంక్స్ చెప్పడానికి కాబోలు అనుకున్నాడు.

"అన్నా," అన్నాడు అభినవ్, "మీ డిపార్ట్‌మెంట్‌ల ఏమన్న పోస్టులున్నయా? బీఎస్సీ మీద తీస్కుంటరా?"

ఇరవై రెండు రెజ్యూమేలు జీపులో పడ్డాయి. అన్నింట్లో స్ట్రెంత్స్ కాలమ్ ఖాళీగానే ఉంది, ఫార్మాట్ మాత్రం పక్కా ఇంటర్నేషనల్.